పాప్‌కార్న్ కుట్టులో బుడిపెలు వెనక్కి పడుతుంటే

ఆమదాలవలస నుంచి అడిగిన చెల్లికి,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నువ్వు క్రోషియా, అంటే కొక్కెం సూదితో దారం అల్లడం, మొదలుపెట్టి నెల అయింది. చైన్ (గొలుసు), సింగిల్ (పొట్టి కుట్టు), డబుల్ (దానికంటే పొడుగు కుట్టు) వచ్చేశాయి. వీడియో చూసి పాప్‌కార్న్ కుట్టు వేస్తే కొన్ని బుడిపెలు ముందుకొస్తున్నాయి, కొన్ని వెనక్కి పడుతున్నాయి. ముక్క కింద వెడల్పుగా మొదలై పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతోంది. దారం ఎంత కొన్నా చాలట్లేదు, మణికట్టు లాగుతోంది. ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చా, విజయనగరం వచ్చి క్లాసులో చేరాలా అని అడిగావు.

ఇంట్లోనే వస్తుంది తల్లీ. నేను విజయనగరంలో ముప్పై ఏళ్ళ నుంచి అల్లుతున్నాను, మా వీధి పిల్లలకి సాయంత్రాలు నేర్పుతున్నాను. బుడిపెల కుట్టు దగ్గరికి వచ్చేసరికి అందరూ బుడిపె మీదే కళ్ళు పెడతారు. దాని పక్కనున్న మామూలు కుట్లని ఎవరూ పట్టించుకోరు. బుడిపెని నిలబెట్టేది అవే. అవి సమంగా, లెక్కకి సరిగ్గా ఉంటే బుడిపె తనంతట తనే పైకి లేస్తుంది. అవి వదులైతే ఎంత బాగా వేసిన బుడిపె అయినా పక్కకి కూలబడిపోతుంది. నువ్వు పంపిన ఫొటోలో నాకు మొదట కనపడింది అదే.

ముందు ఒక చిక్కు విప్పేద్దాం. క్రోషియాలో రెండు రకాల పేర్లున్నాయి, అమెరికా వాళ్ళవి, బ్రిటిష్ వాళ్ళవి. అమెరికా వాళ్ళు సింగిల్ అనేదాన్ని బ్రిటిష్ వాళ్ళు డబుల్ అంటారు. అమెరికా డబుల్‌ని వాళ్ళు ట్రెబుల్ అంటారు. యూట్యూబ్‌లో నువ్వు చూసేవి ఎక్కువగా అమెరికా పేర్లతో ఉంటాయి. మన ఇళ్ళల్లో అమ్మలు దాచుకున్న పాత డిజైన్ పుస్తకాల్లో చాలావరకు బ్రిటిష్ పేర్లే. పాత పుస్తకంలో ‘ఐదు ట్రెబుల్స్’ అని చూసి, వీడియోలో నేర్చుకున్న ట్రెబుల్ ఐదు వేశావనుకో, బుడిపె ఒక మెట్టు పొడుగైపోతుంది. పొడుగైన బుడిపె నిలబడదు, వేలాడుతుంది. నీ ఫొటోలో కింది రెండు వరుసల్లో బుడిపెలు సాగినట్టున్నాయి, బహుశా ఇదే కారణం. ఎప్పుడు డిజైన్ తీసుకున్నా ముందు చూడాల్సింది అందులో సింగిల్ క్రోషే అనే మాట ఉందా లేదా అని. ఉంటే అది చాలావరకు అమెరికా పద్ధతి, ఎందుకంటే ఇప్పటి బ్రిటిష్ లెక్కలో ఆ పేరు వాడరు. ఇక్కడ నేను చెప్పేదంతా అమెరికా పేర్లతోనే, నువ్వు వీడియోలో నేర్చుకున్నది అదే కాబట్టి.

ఇప్పుడు దారం సంగతి. నువ్వు వాడుతున్నది మెత్తటి ఆక్రిలిక్ ఊలు, అదీ ముదురు నీలం. నేర్చుకునేవాళ్ళకి అది రెండు విధాలా కష్టం. నూగులో కుట్టు తల ఎక్కడుందో కనపడదు, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ముదురు రంగు అసలే కనపడదు. పైగా మన ఉక్కపోతలో చెమట పట్టిన వేలికి ఊలు అతుక్కుంటుంది. అది అతుక్కున్నప్పుడల్లా నీకు తెలియకుండానే దారం బిగుస్తుంది, తుడుచుకున్నాక వదులవుతుంది. ఒకే వరుసలో సగం బిగువు, సగం వదులు. 4 ప్లై కాటన్ దారం లేత రంగుది తెచ్చుకో, 3 మిల్లీమీటర్ల సూది చాలు. పక్కన ఒక పాత నూలు తువ్వాలు ఉంచుకుని వేళ్ళు తుడుచుకుంటూ ఉండు. ఏప్రిల్, మే నెలల్లో నేనైతే తెల్లవారుజామునే కూర్చుంటాను, ఎండెక్కాక సూది ముట్టను.

సన్నటి లేసు దారంతో ఇప్పుడే మొదలుపెట్టకు. మా పెద్దమ్మది పాలకొల్లు వైపు. నరసాపురం లేసు అంటారే, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఆ పని ఆమె చేతిలో పుట్టి పెరిగినట్టుండేది. నాకు సూది పట్టించింది ఆవిడే. స్టీలు సూదితో ఆమె వేసే లేసు చదునుగా ఉండేది, అందం అంతా మధ్యలో వదిలిన ఖాళీల్లో ఉండేది. బుడిపెల అల్లిక దానికి పూర్తిగా వేరు. ఇక్కడ అందం ఎత్తులో ఉంటుంది, వేళ్ళకి తగలాలి. అందుకని నేర్చుకునేటప్పుడు కాస్త లావు దారమే మంచిది.

బుడిపెలు ప్రధానంగా మూడు రకాలు. వీడియోల్లో ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టేస్తుంటారు, అందుకే చెబుతున్నాను. పఫ్ అంటే ఒకే కుట్టులోంచి పొడుగు లూపులు లాగి లాగి, అన్నింట్లోంచీ ఒక్కసారే దారం తీసేది. దూది ఉండలా మెత్తగా ఉంటుంది, ఎత్తు తక్కువ. బాబుల్ అంటే డబుల్‌ని చివరిదాకా పూర్తి చేయకుండా ఒక్కో లూపు సూది మీదే ఉంచుకుంటూ ఐదుసార్లు వేయడం. సూది మీద ఆరు లూపులు అవుతాయి, దారం చుట్టి ఆరింట్లోంచీ లాగేయాలి. ఇది గట్టిగా, నిండుగా ఉంటుంది. పాప్‌కార్న్‌లో ఐదు డబుల్స్‌నీ పూర్తిగా వేసేసి, మొదటిదాని తలనీ ఐదోదాని తలనీ కలిపి మడిచేస్తాం. లోపల బోలుగా ఉండి, మూడింట్లోకీ ఎక్కువ ఎత్తు లేచేది ఇదే. దేవుడి గది తోరణానికో, దిండు గలీబుకో చాలా బాగుంటుంది. చంటిపిల్లల టోపీలకి నేను బాబుల్ వేస్తాను. పఫ్ లూపుల్లో చిన్న వేళ్ళు చిక్కుకుంటాయి, పాప్‌కార్న్ పడుకున్నప్పుడు ఒత్తుకుంటుంది.

ఇక నీ అసలు బాధ, కొన్ని బుడిపెలు వెనక్కి పడటం. దీన్ని నెమ్మదిగా చూద్దాం, చేతిలో సూది పట్టుకుని చదువు.

ఒక కుట్టులోనే ఐదు డబుల్స్ వేశావు. విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. ఇప్పుడు సూది మీదున్న లూపుని కొంచెం పొడుగ్గా లాగి సూది బయటికి తీసెయ్. భయపడకు, పొడుగ్గా లాగితే అది ఊడిపోదు. ఇప్పుడు ఐదింట్లో మొట్టమొదటి డబుల్ తల చూడు, గొలుసు ముక్కలా రెండు పోగులు పక్కపక్కన పడుకుని ఉంటాయి. ఆ రెండు పోగుల కిందుగా, నీ వైపు నుంచి అవతలికి సూది గుచ్చు. వదిలేసిన లూపుని సూదికి తగిలించుకుని ఇవతలికి లాగు. లాగేటప్పుడు ఎడమచేతి వేలితో వెనకనుంచి ఆ ఐదింటినీ నీ వైపుకి తొయ్యి. వేలికి అవి గుమ్మటంలా వంగడం తెలుస్తుంది. చివరికి దారం కాస్త బిగించి, ఒక చైన్ వేసి మూసెయ్. బుడిపె నీ వైపుకి లేస్తుంది.

ఇది మంచి వైపు, అంటే పైకి కనపడాల్సిన వైపు, వరుస వేస్తున్నప్పటి సంగతి. ముక్కని తిప్పి వెనక వైపు వరుస వేస్తున్నప్పుడు కూడా నువ్వు అదే పద్ధతిలో సూది గుచ్చుతున్నావు. అప్పుడు కూడా బుడిపె నీ వైపుకే లేస్తుంది, కానీ నీ వైపున్నది ఇప్పుడు వెనక భాగం. అందుకే వరుస మార్చి వరుసలో బుడిపెలు అటూ ఇటూ అవుతున్నాయి. వెనక వైపు వరుసలో వేయాల్సి వస్తే మొదటి డబుల్ తలలోకి అవతలి నుంచి నీ వైపుకి సూది తెచ్చి, లూపుని అవతలికి లాగాలి. అప్పుడు బుడిపె అవతలికి, అంటే మంచి వైపుకి పోతుంది. అలవాటు లేని చేతికి ఇది ఇబ్బందిగా ఉంటుంది. అందుకే కొత్తవాళ్ళకి నేను ఒకటే చెబుతాను: బుడిపెలు మంచి వైపు వరుసల్లోనే వెయ్యండి, తిరిగొచ్చే వరుస మొత్తం సింగిల్ వెయ్యండి. బాబుల్‌కి ఇది తలకిందులు. పొట్టి సింగిల్స్ మధ్య పొడుగు కుట్లు ఐదు ఇరుక్కుంటాయి కదా, ఆ ఎత్తు ఎక్కడికీ పోలేక మనకి అవతలి వైపుకి వంగుతుంది. అందుకే బాబుల్‌ని వెనక వైపు వరుసలో వేస్తారు.

మంచి వైపు ఏదో మర్చిపోతున్నానంటావా, రంగు దారం ముక్క ఒకటి ఆ వైపు కుట్టుకి కట్టి ఉంచుకో. నేను ఇప్పటికీ కడతాను.

ముక్క సన్నబడటం గురించి. ఇది పూర్తిగా లెక్క తప్పడమే. డబుల్ వరుస మొదట్లో మూడు చైన్లు వేస్తాం, అదే మొదటి డబుల్ కింద లెక్క. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి కుట్టు ఆ మూడు చైన్ల తల మీద పడాలి. అది కుట్టులా కనపడదు, పక్కకి ఒదిగి పడుకుని ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా ముందు కుట్టు దగ్గరే ఆపేసి తిప్పేస్తారు. వరుసకి ఒకటి పోయినా పది వరుసలయ్యేసరికి ముక్క గోపురంలా అవుతుంది. బుడిపె మీద ఇంకో తప్పు జరుగుతుంది, అది ముక్కని వెడల్పు చేస్తుంది. బుడిపె తల మీద ఒకటి, మూసిన చైన్ మీద ఒకటి, రెండు సింగిల్స్ వేసేస్తారు. బుడిపె ఎంత లావున్నా అది ఒక్క కుట్టే, దాని మీద ఒక్క సింగిలే. నేను మూసిన చైన్‌లోనే వేస్తాను.

అభ్యాసానికి ఈ ముక్క వెయ్. ఇరవై చైన్లు వేసుకో. సూది నుంచి రెండో చైన్‌లో మొదలుపెట్టి ప్రతిదాంట్లో ఒక సింగిల్, పంతొమ్మిది అవుతాయి. తిప్పు. ఇది మంచి వైపు. మూడు చైన్లు, అది ఒక డబుల్. తర్వాతి రెండింట్లో రెండు డబుల్స్. తర్వాతి కుట్టులో పాప్‌కార్న్, ఆ తర్వాత మూడు డబుల్స్, మళ్ళీ పాప్‌కార్న్, మళ్ళీ మూడు. అలా చివరిదాకా వెళితే నాలుగు బుడిపెలు వస్తాయి, మొత్తం కుట్లు పంతొమ్మిదే. తిప్పి ఒక చైన్ వేసి, పంతొమ్మిది సింగిల్స్, ఆఖరిది మూడు చైన్ల తల మీద. మళ్ళీ మంచి వైపు వచ్చింది. ఈసారి బుడిపెలు కింది వాటి మధ్యలో పడాలి. మూడు చైన్లు, వెంటనే రెండో కుట్టులో పాప్‌కార్న్, మూడు డబుల్స్, పాప్‌కార్న్, ఇలా వెళ్ళి ఆఖర్న ఒక్క డబుల్‌తో ముగించు. ఈ వరుసలో ఐదు బుడిపెలు. తర్వాత మళ్ళీ సింగిల్ వరుస. ఈ నాలుగు వరుసలే తిరిగి తిరిగి వేసుకుంటూ పోవాలి, ఒక వరుసలో నాలుగు, ఇంకో వరుసలో ఐదు. ప్రతి సింగిల్ వరుస చివర పంతొమ్మిది లెక్కపెట్టు. పద్దెనిమిదో ఇరవయ్యో వస్తే ముందుకెళ్ళకు, ఆ వరుసే విప్పు. ఒక వరుస విప్పడం పది నిమిషాల పని, పది వరుసలు విప్పాల్సి వస్తే సూది మీద విరక్తి పుడుతుంది.

బిగువు విషయానికి వస్తే, నాకు అది నిజంగా అర్థమైంది క్రోషియా దగ్గర కాదు, పొందూరులో. చాలా ఏళ్ళ కిందట మా ఆడపడుచుతో ఖద్దరు చీర కొందామని వెళ్ళాను. అక్కడ ఒక పెద్దావిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతోంది. పక్కనే ఇంకొకావిడ రాట్నం మీద వడుకుతోంది. నేను రాట్నం వైపు చూడలేదు, ఆమె ఎడమచేతినే చూస్తూ నిలబడ్డాను. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఏకు, చెయ్యి వెనక్కి వెళ్తుంటే అందులోంచి పోగు సాగుతోంది. ఆ రెండు వేళ్ళూ నొక్కట్లేదు, వదలట్లేదు. చెయ్యి ఎంత దూరం వెళ్ళినా వేళ్ళ మధ్య సందు మారలేదు. ఇంటికి వచ్చి నా చెయ్యి చూసుకుంటే, ప్రతి కుట్టుకీ నేను చూపుడు వేలు ఎత్తి దారాన్ని గుంజుతున్నానని తెలిసింది. దారాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, మధ్య రెండు వేళ్ళ కిందుగా తెచ్చి, చూపుడు వేలి మీదుగా వదిలితే గుంజాల్సిన పని ఉండదు. చిటికెన వేలే ఎంత కావాలో అంత వదులుతుంది. నీ మణికట్టు నొప్పికి కూడా సగం మందు ఇదే. ఇంకో సగం, సూదిని కత్తి పట్టుకున్నట్టు పిడికిట్లో బిగించకుండా ఉండటం. అరగంటకోసారి లేచి చేతులు విదిలించు. నొప్పి రాత్రిళ్ళు కూడా ఉంటే, వేళ్ళు తిమ్మిరెక్కితే మాత్రం అల్లిక ఆపి డాక్టరుకి చూపించు. మొండికెయ్యకు.

ఒకటి గమనించు. పాప్‌కార్న్‌కి ముందు వేసే డబుల్, తర్వాత వేసే డబుల్, ఈ రెండింటినీ కాస్త శ్రద్ధగా, మామూలు బిగువుతో వెయ్. చాలామందికి బుడిపె అయిపోయిందన్న సంతోషంలో తర్వాతి కుట్టు వదులైపోతుంది, అక్కడ చిల్లి కనపడుతుంది. నీ ఫొటోలో ప్రతి బుడిపెకీ ఎడమపక్కనే చిల్లులున్నాయి చూడు. బుడిపె మూసిన చైన్‌ని గట్టిగా బిగించి, వెంటనే తర్వాతి డబుల్ వేసేస్తే ఆ చిల్లి పోతుంది.

దారం చాలట్లేదన్నావు. బుడిపెల అల్లిక దారం మింగేస్తుంది, అందులో నీ తప్పేం లేదు. ఒక కుట్టు చోట్లో ఐదు కుట్లు వేస్తున్నాం మరి. అంచనా వేయడానికి సులువైన దారి ఉంది. ఒక బుడిపె వేసి, దాన్ని విప్పి, ఆ దారాన్ని స్కేలు పక్కన పెట్టి కొలువు. ముప్పై సెంటీమీటర్లు వచ్చిందనుకో, వంద బుడిపెలకి ముప్పై మీటర్లు. అలాగే ఒక సింగిల్ వరుస, మిగతా డబుల్స్ కొలిచి కలుపుకో. దారం ఉండ చీటీ మీద మీటర్లు రాసి ఉంటాయి, ఎన్ని ఉండలు కావాలో తేలిపోతుంది. దాని మీద ఒకటి ఎక్కువ కొను.

ఎక్కువ ఎందుకు కొనమంటున్నానో చెబుతాను. ఒక ఏడాది సిరిమాను పండక్కి చుట్టాలొస్తారని దివాన్ మీదకి బుడిపెల దుప్పటి మొదలుపెట్టాను, మీగడ రంగు. దసరా వెళ్ళిన మంగళవారమే కదా సిరిమానోత్సవం, అప్పటికి పూర్తి చేయాలని రోజూ కూర్చున్నాను. ఇంకో రెండు వారాలుందనగా దారం అయిపోయింది. అదే షాపుకి వెళ్ళి అదే కంపెనీ, అదే రంగు నంబరు తెచ్చుకున్నాను. సాయంత్రం లైటు కింద తేడా తెలియలేదు, అల్లేశాను. పొద్దున్న కిటికీ దగ్గర పరిచి చూస్తే చివరి జానెడు పసుపు పచ్చగా కొడుతోంది. రంగు నంబరు ఒకటే అయినా అద్దకం వేరే విడతది. చీటీ మీద లాట్ నంబరు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది కూడా కలవాలి. ఆ దుప్పటి ఆ పండక్కి పరవలేదు. విప్పడానికి మనసొప్పక ఏడాది పెట్టెలో ఉంచాను. తర్వాత విప్పి, రెండు రంగుల్నీ ఉండ మార్చి ఉండగా రెండేసి వరుసలు కలుపుతూ మళ్ళీ అల్లాను. ఇప్పుడది మా కోడలి మంచం మీద ఉంది.

ఉతకడం గురించి రెండు మాటలు. ముదురు రంగు దారమైతే అల్లే ముందే చిన్న ముక్క తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడు, రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. ఇస్త్రీ పెట్టె బుడిపెల మీద నేరుగా పెట్టకు, అణిగిపోతే మళ్ళీ లేవవు. తడిపి పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, బుడిపెలు పైకి ఉండేలా మంచం మీద పరిచి, అంచులు సమంగా లాగి గుండుసూదులు గుచ్చి ఫ్యాను కింద ఆరనియ్యి. ఎండలో వెయ్యకు.

క్లాసు విషయం. దగ్గర్లో ఎవరైనా చేత్తో పట్టుకుని చూపించేవాళ్ళుంటే ఒక పూట వెళ్ళు, తప్పులేదు. దారం పట్టుకునే తీరు వీడియోలో కంటే ఎదురుగా చూస్తే త్వరగా పట్టుబడుతుంది. అంతకు మించి నీకు క్లాసు అక్కర్లేదు. నువ్వు రాసిన విధానం చూస్తేనే తెలుస్తోంది, ఏది ఎక్కడ తప్పుతోందో గమనించే కన్ను నీకుంది.

మొదటి వస్తువు ఏం చేయాలన్నావు. గ్లాసుల కింద పెట్టేవి వద్దు, బుడిపెల మీద గ్లాసు నిలవదు. నేను చెప్పిన పంతొమ్మిది కుట్ల ముక్కే అల్లుకుంటూ పో. 4 ప్లై దారం, 3 మిల్లీమీటర్ల సూదితో అది సుమారు తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. నీ ఫోను పొడవుకి రెండింతలు, పైన రెండు వేళ్ళ మందం ఎక్కువ వచ్చేదాకా అల్లి, బుడిపెలు బయటికి ఉండేలా మధ్యకి మడిచి, రెండు పక్కలా సింగిల్స్‌తో కలిపేస్తే ఫోను సంచి అవుతుంది. కింద మొదట్లో వేసిన వరుసలు కొంచెం వంకరగా ఉంటాయి, ఉండనియ్యి. మడిచాక అవి వెనక వైపుకి వస్తాయి. అల్లాక ఫొటో పెట్టు, ఈసారి వెనక వైపుది కూడా తీసి పెట్టు.